దుర్గాబాయి సొంత గొంతు

పన్నెండేళ్ళపాటు సినిమాల్లో దుర్గాబాయి మాటలన్నీ లలితకుమారే మాట్లాడింది. అయినా ఆ మనిషిని ఒక్కసారి కూడా ఎదురుగా చూసింది లేదు. డబ్బింగ్ పని తీరే అంత. నటించేవాళ్ళు ఎండలో నటించేసి తమ దారిన తాము వెళ్ళిపోతారు. ఎన్నో నెలలు గడిచాక, ఒక చల్లటి మూసిన గదిలో, తెరమీద కదిలే పెదవులకు ఇంకెవరో వచ్చి మాటలు అతికిస్తారు. జనం హాల్లో కూర్చుని అంతా ఒక్క మనిషే అనుకుని కళ్ళు తుడుచుకుంటారు.

లలితకుమారిది తెనాలి. భర్త రాజారావు ఉద్యోగం బదిలీ అయి హైదరాబాదుకు వచ్చారు. కొంపల్లి ఇంకా ఊరుగానే ఉన్నప్పుడు అక్కడ చిన్న ఇల్లు కట్టుకున్నారు. కాలేజీ రోజుల్లో రేడియో నాటకాలు వేసిన ధైర్యంతో ఆవిడ ఒకసారి గొంతు పరీక్షకు వెళ్ళింది. ఉచ్చారణ కడిగిన ముత్యంలా ఉందన్నారు. ఇక అప్పటినుంచి సినిమాల్లో వదినలకూ, అక్కలకూ, అమ్మలకూ ఆవిడే గొంతు.

వాళ్ళందరిలోనూ ఆవిడకు దుర్గాబాయి అంటే ప్రాణం. దుర్గాబాయి మాట మొదలుపెట్టేముందు ముక్కుపుటం సన్నగా అదురుతుంది. ఏడుపు ముంచుకొచ్చేముందు కింది పెదవి ఒక పక్కకు జారుతుంది. ఈ సంగతులు ఆమెను కన్నతల్లికైనా తెలుసో లేదో గానీ లలితకుమారికి కంఠతా వచ్చు.

"నా మొహం ఈ పాతికేళ్ళలో ఒక్కసారైనా అంత శ్రద్ధగా చూశావా?" అని రాజారావు అన్నం తింటూ ఉడికించేవాడు.

"మీ మొహంలో అంత కథ లేదు లెండి," అనేది ఆవిడ, చారు వడ్డిస్తూ.

దుర్గాబాయి కథ ఆవిడకు వారపత్రికల్లో చదివి తెలుసు. సాంగ్లీ వైపు నుంచి మేడ్చల్ ద్రాక్షతోటలకు తీగలు కత్తిరించే పనికి వలసవచ్చిన మరాఠీ కుటుంబం వాళ్ళది. తల్లి నడుముకు కట్టుకున్న పిల్లగా వచ్చింది, అక్కడే పెరిగింది. తొంభై ఒకటిలో ఆ తోటలో షూటింగ్ పెట్టుకున్నారు. కథానాయికకు కత్తెర పట్టుకోవడం చేతగాలేదు. చేతులు మాత్రం ఎవరివో ఒకరివి తీద్దామని, గుత్తులు కోస్తున్న దుర్గాబాయిని పిలిచారు. కెమెరామన్ చేతులు తీస్తూ తీస్తూ మొహం మీదికి వెళ్ళాడు, మళ్ళీ కిందికి దింపడం మరిచిపోయాడు. అలా మొదలై యాభైకి పైగా సినిమాలు చేసింది, షూటింగు లేని రోజుల్లో తోటపని మాత్రం మానలేదు. తోట పనిచేసే పిల్ల, బడి మొహం సరిగ్గా చూడని పిల్ల, పేరుమోసిన నటుల ఎదుట నిలబడి వాళ్ళను వెలవెలబోయేలా చేసింది! తలుచుకున్నప్పుడల్లా లలితకుమారికి ఒళ్ళు జలదరించేది.

గొంతు మాత్రం ఆమెది ఉండనివ్వలేదు. ఇంట్లో మరాఠీ, తోటలో మేడ్చల్ తెలుగు, రెండూ కలిసిన మాట ఆమెది. 'ఆ యాస పనికిరాదు' అని మొదటి సినిమాకే తేల్చేశారు. సినిమావాళ్ళు ఒకసారి తేల్చేస్తే బ్రహ్మదేవుడు దిగివచ్చినా మార్చలేడు.

రెండువేల మూడులో కృష్ణారావు అనే కొత్త దర్శకుడు శామీర్‌పేట దగ్గరి రాతిక్వారీలో ఒక సినిమా తీశాడు. దుర్గాబాయిదే ముఖ్యపాత్ర. మామూలుగానే లలితకుమారికి కబురొచ్చింది. బండరాయి మీదపడి చనిపోయిన భర్త శవాన్ని ఇమ్మని క్వారీ మేనేజర్ చెయ్యి పట్టుకుని అడిగే ఘట్టం అది. ఎప్పుడూ కాగితం చూసి, పెదవులు చూసి చెప్పేయడమే గానీ షూటింగులో నటి పలికిన పలుకు ఆవిడ ఎన్నడూ విన్నది లేదు. ఈసారి కృష్ణారావు హెడ్‌ఫోన్ చేతికిచ్చి, "ఒకసారి వినండి, భావం తెలుస్తుంది" అన్నాడు.

క్రషర్ మిషను రొద. ఆ రొద అడుగునుంచి ఒక మాట.

"నా మనిషిని నాకియ్యుండ్రి సారూ."

లోతైన గొంతు, కాస్త బొంగురు. బతిమాలుతున్నట్టు లేదు, ఏడుస్తున్నట్టూ లేదు. తనదాన్ని తాను అడుగుతున్నట్టుంది. లలితకుమారి హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టింది. ఆ మొహానికి ఇన్నేళ్ళూ తాను తగిలించిన తియ్యటి గొంతు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది.

"ఇది నేను చెప్పనండీ. ఆవిడ చేతే చెప్పించండి."

"ఆవిడ కోరికా అదే, నా కోరికా అదే," అన్నాడు కృష్ణారావు. "రెండుసార్లు పిలిపించాను. మైకు ముందు కొయ్యబారిపోతోంది. పెదవులకు మాట కలవడం లేదు. షూటింగులో తీసిన శబ్దం వాడదామంటే రొద. నాలుగు రోజుల్లో అంతా పూర్తికావాలి."

"ఆ నాలుగు రోజులు నాకివ్వండి. నేను నేర్పుతాను."

దర్శకుడు ఆవిడ వంక వింతగా చూశాడు. "ఆవిడ గొంతు జనానికి నచ్చితే ఇక మిమ్మల్ని పిలవరు. ఆలోచించుకున్నారా?"

"పోతే పోతుందండీ," అంది. అనడమైతే అనేసింది గానీ కొంపల్లి బస్సులో ఇంటి ఖర్చులు వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే మేడ్చల్ వెళ్ళింది. ద్రాక్షతోట అంచున పెంకుటిల్లు. వాకిట్లో కూర్చుని దుర్గాబాయి గిన్నెలు తోముతోంది. తెరమీద ఇంటింత కనిపించే మొహం, అరచేతిలో పట్టేంత చిన్నది! లలితకుమారి వాకిట్లోనే ఆగిపోయింది.

"ఎవలమ్మా? ఎవలు గావాలె?"

"నేను లలితకుమారినండీ. మీకు డబ్బింగ్ చెప్పేదాన్ని."

దుర్గాబాయి చేతిలోని గిన్నె పక్కన పెట్టింది. మసి చేతులు చీరకు తుడుచుకుని వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వేనా అక్కా! ఇన్నేండ్లసంది నా నోట్ల గూసున్నది నువ్వేనా!" అని పకపకా నవ్వింది. ఆ నవ్వు తెరమీద చూసిన నవ్వే, కానీ చప్పుడు వేరు.

విషయం విన్నాక ఆమె నవ్వు ఆగిపోయింది. "నాకు ఒక్కటే ఆశ అక్కా. సచ్చేలోపల ఒక్క సినిమాలనన్న నా గొంతు ఇనబడాలె. టీవీల నేనొస్తె నా బిడ్డ ఏమంటదో ఎరికేనా? 'మొఖం మా అమ్మదే, మాట్లాడేది మాత్రం ఇంకెవలో' అంటది. గా మాటకు నాకు మస్తు దుఃఖమైతది."

ఆ ఇంకెవరో తానే కాబట్టి లలితకుమారి తలొంచుకుంది.

ఆ రోజూ, ఆ మర్నాడూ కొంపల్లి ఇంట్లో పాఠాలు. కృష్ణారావు ఇచ్చిన సీడీ పెట్టి, టీవీ గొంతు నొక్కేసి, పెదవి కదిలేలోపు ఊపిరి ఎలా తీసుకోవాలో, ఎక్కడ ఆపాలో చెప్పింది. దుర్గాబాయి చురుకైన మనిషి, రెండో రోజు సాయంత్రానికల్లా పెదవులకు మాట అతికినట్టు కలిసింది. రాజారావు తలుపు దగ్గర నిలబడి చప్పట్లు కొట్టాడు. లలితకుమారికి పట్టరాని సంతోషం కలిగింది.

మూడో రోజు స్టూడియోలో కృష్ణారావు కళ్ళు మూసుకుని అంతా విన్నాడు.

"లలితగారూ, ఇది మీరు చెప్పినట్టే ఉంది. ఆవిణ్ణి తీసుకురమ్మంటే మిమ్మల్నే తీసుకొచ్చారు."

అప్పుడు తెలిసొచ్చింది చేసిన తప్పు. పెదవులు కలపడం నేర్పుతూ నేర్పుతూ, తనకు తెలియకుండానే ప్రతి మాటనూ దిద్దింది. ఇక్కడ ఒత్తు పలకాలమ్మా, అక్కడ సాగదీయకూడదమ్మా అంటూ తెనాలి తెలుగును ఆమె నోట్లో కూరింది. పాడు అలవాటు! పన్నెండేళ్ళు ఆ మనిషి గొంతు తుడిచేసింది చాలక, ఇప్పుడు ఆమె చేతే తుడిపించింది.

"నాతోని గాదక్కా," అంది దుర్గాబాయి మెల్లగా. "నువ్వే జెప్పు. నీ రొట్టె నేనెందుకు గుంజుకోవాలె?"

"రొట్టె సంగతి నాకు వదిలెయ్యి. రేపొక్క రోజు ఉంది," అంది లలితకుమారి. గొంతులో ధీమా ఉంది గానీ రేపు ఏం చెయ్యాలో ఆవిడకూ తెలియదు.

నాలుగో రోజు పొద్దున పాఠం చెప్పే మొహం లేక, ఊరికే తోటలోకి వెళ్ళి దుర్గాబాయి పక్కన నిలబడింది. దుర్గాబాయి కత్తెరతో తీగలు కత్తిరిస్తూ అవతలి వరసలో ఉన్న తండ్రితో మాట్లాడుతోంది. సగం మరాఠీ, సగం మేడ్చల్. ఎంత గొంతు! చేతులు ఆడినంతసేపూ మాట ధారగా వస్తోంది. ఒకసారి కత్తెర నడుములో దోపుకుని లలితకుమారి వైపు తిరిగింది. "అక్కా... నువ్వు... ఇంటికి..." అని తడబడింది.

అప్పుడు తట్టింది లలితకుమారికి. ఈ మనిషికి మాట చేతుల్లోంచి వస్తుంది. పన్నెండేళ్ళూ ఆమె పెదవులే చూస్తూ కూర్చుంది గానీ ఆ చేతులెప్పుడూ ఖాళీగా లేవన్న సంగతి గమనించలేదు. బిందె మోస్తూనో, పిల్లకు జడవేస్తూనో, ఒకరి చెయ్యి పట్టుకునో మాట్లాడింది. అలాంటి మనిషిని మైకు ముందు చేతులు వేలాడేసి నిలబడమంటే ఎలా మాట్లాడుతుంది?

"కత్తెర అక్కడ పెట్టు. పద స్టూడియోకి," అంది.

సౌండ్ ఇంజనీరు నరసింహ అద్దం వెనక కూర్చున్నాడు. పక్కన కృష్ణారావు. తెరమీద క్వారీ ఆఫీసు మెదిలింది. లలితకుమారి దుర్గాబాయి పక్కన నిలబడి, తన కుడిచెయ్యి ఆమె ముందుకు చాచింది.

"పట్టుకో. ఆ మేనేజర్ చెయ్యి ఎలా పట్టుకున్నావో అలాగే. నేను నేర్పింది పెదవుల వరకే గుర్తుంచుకో, మాట నీది. నేను మాట్లాడను."

దుర్గాబాయి పట్టుకుంది. కత్తెర పట్టి పట్టి కాయలు కాసిన చెయ్యి, ఇనుములా ఉంది. తెరమీద ఆమె పెదవి కదిలింది. లలితకుమారి పెదవులు అలవాటు కొద్దీ తామే విచ్చుకోబోయాయి. ఎడమచేత్తో తన నోరు తానే గట్టిగా మూసుకుంది.

"నా మనిషిని నాకియ్యుండ్రి సారూ."

గది నిండింది. ఒక మనిషి గుండెలో ఇంత చోటు ఉంటుందా అని లలితకుమారికి భయం వేసింది, మనసు పొంగింది. గుళ్ళో హారతి వెలిగినప్పుడు కలిగే వణుకు ఒళ్ళంతా పాకింది. తాను పుట్టి పెరిగిన భాషలో ఇంత బరువు ఉందని, సాంగ్లీ నుంచి వచ్చిన తోటకూలీ బిడ్డ చెబితే గానీ తనకు తెలియలేదు. మాట అయిపోయింది. తెర తెల్లబడింది. నరసింహ రికార్డింగ్ ఆపే మీట నొక్కడం మరిచిపోయాడు. కృష్ణారావు అద్దానికి నుదురు ఆనించి అలాగే ఉండిపోయాడు.

కాసేపటికి దుర్గాబాయి ఈ లోకంలోకి వచ్చి చెయ్యి వదిలింది. లలితకుమారి మణికట్టు మీద నాలుగు వేళ్ళూ ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి.

"అయ్యో, నొచ్చిందా అక్కా?"

జవాబు చెప్పబోయింది లలితకుమారి. గొంతు పెగల్లేదు. లేదన్నట్టు తల మాత్రం ఊపింది.