కెప్టెన్ గారి ఆర్డరు

మొదటి దెబ్బకి వరహాలమ్మ చేపల గంప మీద పడింది. రెండో దెబ్బ దవడకి తగలాల్సింది; ఆమె తల తిప్పడంతో పెదవి చిట్లి, రక్తం గడ్డం మీదుగా జాకెట్టు మీదికి కారింది. సూర్యారావు చెయ్యి దించి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఫైరింగ్ అయిపోయాక తుపాకి ఖాళీ చేసి నిలబడ్డట్టు నిలబడ్డాడు.

పట్టపగలు, వాకిట్లో, ఇరుగుపొరుగు చూస్తూండగా. అలాగే కొట్టమన్నారు మరి.

వరహాలమ్మ ఏడవలేదు. గోడ పట్టుకుని లేచి అతని కళ్ళలోకి చూసింది. ముప్పై ఏళ్ళ కాపరంలో అతను తాగినప్పుడు చూసింది, అరిచినప్పుడు చూసింది. ఇలాంటి కళ్ళు ఎప్పుడూ చూడలేదు.

“నీకు కోపం రాలేదు కదయ్యా,” అంది. “కోపం లేకండా కొట్టేవు. ఎవరు కొట్టమన్నారు?”

ఆమె దగ్గర అబద్ధమాడటం అతనికి చేతకాదు. చెప్పేశాడు.

హవల్దారుగా ఉన్న రోజుల్లో సరిహద్దులో ఫిరంగి గుండు పక్కనే పేలి అతని ఎడమ చెవి పోయింది. ఆ చెవికి రావలసిన వైకల్య పింఛను కోసం, మాజీ సైనికుల కాగితాలు చూసిపెట్టే నాగదుర్గాప్రసాద్ దగ్గరికి మలికిపురం వెళ్ళాడు. అందరూ ఆయన్ని కెప్టెన్ గారనేవారు. ఆయన సూర్యారావు అసలు డిశ్చార్జి పుస్తకం తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. వచ్చేదాంట్లో సగం తనదన్నాడు. చెవికి వచ్చేదెంత, అదే మతి చెడిందంటే బాగా వస్తుందన్నాడు. డాక్టరు కాగితం తను తెప్పిస్తాడు. పెళ్ళాన్ని కొట్టినట్టు పోలీసు కంప్లయింటు ఒకటుంటే మెడికల్ బోర్డు మారు మాట్లాడదు.

“యే ఆర్డర్ హై, హవల్దార్!” అని బల్ల గుద్దాడు.

ఆ గొంతుకి సూర్యారావు మడమలు వాటంతటవే కలిశాయి. ఇరవై రెండేళ్ళపాటు అలాంటి గొంతులకి జవాబు చెప్పింది అతని మడమలే గాని బుర్ర కాదు.

“అయితే పద,” అంది వరహాలమ్మ. “పని బాగా చేసేవో లేదో మీ కెప్టెన్నే అడుగుదాం.”

ఆటోలో ఆమె కొంగుతో పెదవి అదుముకుని కూచుంది. కొట్టిన క్షణం కోసం అతను తనలో వెతుక్కున్నాడు. అక్కడ ఎవరూ కనబడలేదు. చెయ్యి లేచింది, లేపినవాడు లేడు. దానికే అతనికి భయమేసింది.

మలికిపురంలో కొబ్బరికాయల కొట్టు మీది మేడగదిలో నాగదుర్గాప్రసాద్ వరహాలమ్మ గడ్డం పట్టుకుని, ముఖం వెలుతురు వైపు తిప్పి ఫోనులో ఫొటో తీశాడు.

“పర్లేదు చెల్లెమ్మా. కాని జారిపడ్డా ఇలాగే అవుద్దంటారు బోర్డోళ్ళు. కన్ను వాచాలండి. ఏం హవల్దార్, రేపు ఇంకోసారి. ఈసారి బూటుతో.”

“ఆయ్, సార్,” అనేసింది సూర్యారావు నోరు.

“శభాష్!” అంటూ నాగదుర్గాప్రసాద్ నవ్వి సెల్యూట్ కొట్టాడు.

నూనె రాసి దువ్విన జుట్టు. పైన టోపీ లేదు.

పట్టాళంలో ఉత్త తలతో ఎవరూ సెల్యూట్ చెయ్యరు. టోపీ లేకపోతే మడమలు కలిపి నిటారుగా నిలబడతారంతే. మొదటి వారంలో నేర్పే పాఠం అది. ఈ మనిషి పట్టాళంలో ఆ ఒక్క వారం కూడా గడపలేదు.

అప్పుడొచ్చింది కోపం. సూర్యారావు ఆ చేతిని గాలిలోనే అందుకుని, బల్లకేసి అదిమి, నాలుగు వేళ్ళూ వెనక్కి విరిచాడు. ఎండు ఈనెలు విరిగిన చప్పుడు. అరుస్తున్న ముఖాన్ని బల్లకేసి కొట్టాడు. ముక్కు పగిలి కాగితాల మీద రక్తం పడింది. మళ్ళీ కొట్టాడు. ఈసారి చెయ్యి లేపినవాడు లోపలే ఉన్నాడు. వాడికి హాయిగా ఉంది, ఇంకా కావాలని ఉంది.

వరహాలమ్మ అడ్డం రాలేదు. కిందపడ్డ తాళాలు తీసి బీరువా తెరిచింది. లోపల రబ్బరుబ్యాండ్లు వేసిన డిశ్చార్జి పుస్తకాలు, ఎంతోమంది సిపాయిలవి. అన్నీ కొంగులో మూటగట్టింది.

“ఇంక చాలు, వదులు,” అంది.

వదిలాడు. ఈలోగా కింద కొట్టువాళ్ళు పోలీసుల్ని పిలిచారు.

స్టేషన్లో నాగదుర్గాప్రసాద్ చేతికి తువ్వాలు చుట్టుకుని ఏడుస్తూనే ఎస్సైకి చెప్పాడు: “మతిలేనోడండి పాపం. డాక్టరు కాగితం నా దగ్గరే ఉందండి. కేసూ గీసూ వద్దండి.” సూర్యారావు వైపు వంగి గొంతు తగ్గించాడు. “ఒప్పేసుకోవయ్యా. కేసుండదు, పింఛనొస్తుంది.”

“ఏమండీ, మతి స్థిమితం లేదా మీకు?” అనడిగాడు ఎస్సై.

అవునంటే ఇంటికి పోవచ్చు. పొద్దుటి దెబ్బల్ని కూడా జబ్బు మీదికి నెట్టెయ్యొచ్చు. కాని అప్పుడిక ఎప్పటికీ ఆ చెయ్యి తనది కాదు.

“ఉందండి,” అన్నాడు సూర్యారావు. “ఈయన వేళ్ళు విరిచినప్పుడు ఉందండి. ఆవిణ్ణి కొట్టినప్పుడూ ఉందండి. నాకు పోయింది చెవి ఒక్కటేనండి.”

ఎస్సై వరహాలమ్మ వైపు తిరిగాడు. “కంప్లయింటు ఎవరి మీద రాయమంటావమ్మా?”

ఆమె పుస్తకాల మూట బల్లమీద పెట్టింది. పెదవి వాచి మాట సరిగ్గా రావడం లేదు.

“ఇద్దరి మీదానండి. ముందు నా మొగుడి పేరు రాయండి.”

రైటరు కలం తీశాడు. సూర్యారావు తన ఇంటిపేరూ, తండ్రి పేరూ చెప్పాడు, నెమ్మదిగా, అతను రాసుకోడానికి వీలుగా.