అత్తమ్మకో మడి

మా అత్తగారు కాంతమణిగారు కాకినాడ నుంచి కార్ఖానా బస్తీలోని మా ఇంటికి రావడం పెళ్లయ్యాక ఇదే మొదటిసారి. మోకాళ్లు డాక్టరుకు చూపిద్దామని మా ఆవిడ శ్రీలలిత పట్టుబట్టి తీసుకొచ్చింది. వాళ్లు బ్రాహ్మలు, మేం కాదు. ఆ పెళ్లి ఆమెకు ఇష్టం లేదు. ఆ సంగతి ఎవరూ ఎత్తరు, ఎవరూ మరిచిపోరు. ఈసారైనా ఆమె మనసు కుదిరి, కొన్నాళ్లు మాతో ఉండాలని నా ఆశ.

పొద్దున్నే స్నానం చేసి మడి కట్టుకున్నారంటే, మధ్యాహ్నం భోజనం అయ్యేదాకా ఎవరం దగ్గరికి పోకూడదు. నేను వంటింటి గుమ్మంలో నిలబడితే చాలు, గరిట అడ్డం పెట్టేవారు. నాకు చిర్రెత్తుకొచ్చేది. కానీ ఆమె చేసిన పప్పుచారు నోట్లో పడితే ఆ కోపం ఎటు పోయేదో.

మధ్యాహ్నాలు పెరటి గుమ్మంలో కూర్చుని మా సిమెంటు నేల వంకే చూసేవారు.

"మట్టి లేని పెరడేమిటే? అయినా ఉండి ఏం లాభంలే, ఈ మోకాళ్లతో వంగలేను" అని ఓరోజు కూతురితో అన్నారు.

అప్పుడే నాకు తట్టింది. నిలబడి మొక్కలు పెంచుకునేలా నడుమెత్తు కాళ్లున్న చెక్కపెట్టె ఒకటి చేస్తే? ఆమెను ఆశ్చర్యపరచాలని ఎవరికీ చెప్పలేదు. అదే నా కొంప ముంచింది.

ఆదివారం పొద్దున సామిల్లు నుంచి పలకలు తెచ్చి, ఒక వేలు చితక్కొట్టుకుని, పెట్టె నిలబెట్టాను. మట్టి కోసం యాప్రాల్‌లో ఉండే మా విజయేందరన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, మా అత్తమ్మకు పెరట్ల మడి కడుతున్న. చుట్టూ పలకలు కొట్టిన, లోపల పట్టా సుత పరిచిన. ఇగ ఆమెకు ఇంట్ల తక్లీఫ్ లేదు. పొద్దుమాపు ఆడనే ఉంటది."

మా వైపు మడి అంటే వరి మడి, కూరగాయల మడి. వంటింటి కిటికీ నా వెనకే ఉందన్న సంగతి నాకు గుర్తుంటేగా!

కాసేపటికి శ్రీలలిత విసురుగా వచ్చింది. "మా అమ్మని పెరట్లో పెట్టెలో కూర్చోబెడతారా? రేపటి రైలుకే టికెట్ తియ్యమంటోంది!"

"ఏందీ? పెట్టెల కూసోబెట్టుడా? నా దిమాక్ ఖరాబైందా?"

ఆమె వెనకే, మడిబట్టలోనే, గోడ పట్టుకుని అత్తగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "నా మడి మీకు కష్టంగా ఉంటే చెప్పండి బాబూ, నేనే వెళ్లిపోతాను. బయట బోను కట్టక్కర్లేదు." గొంతు వణికింది. నాకు ప్రాణం చివుక్కుమంది.

"అయ్యో అత్తమ్మా, గిది ఆ మడి కాదు! తోటకూర మడి! మీరు వంగకుండ, నిలబడే నాటుకోవాలని..."

ఆమె పెట్టెను చూశారు, నన్ను చూశారు. పెదవి బిగపట్టి ఆపుకోవాలని చూశారు గానీ ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒళ్లంతా కదిలేలా నవ్వారు. నన్ను చూసి ఎవరైనా నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది. ఆరోజు మాత్రం ఇంకాస్త నవ్వితే బాగుండుననిపించింది.

తర్వాత మెట్టు దిగబోయి, మోకాలు సహకరించక, నా భుజం పట్టుకున్నారు.

"అమ్మా, మడి!" శ్రీలలిత అరిచింది.

"మళ్లీ స్నానం చేస్తాలేవే."

ఇన్నేళ్లలో ఆమె చెయ్యి నా మీద పడడం అదే మొదలు. నా పారవశ్యం ఎంతోసేపు లేదు, ఆమె అప్పటికే పెట్టెలో తొంగి చూస్తున్నారు.

"కన్నాలేవి? నీళ్లెక్కడికి పోతాయి? వేళ్లు కుళ్లిపోవూ? దీన్ని కుడితితొట్టి అంటారు బాబూ!"

నేను కన్నాలు కొట్టడానికి మేకు, సుత్తి అందుకున్నాను.

"ఇంతకీ టికెట్ తియ్యనా వద్దా?" శ్రీలలిత ఫోన్ పట్టుకుని అడిగింది.

"ఎక్కడి టికెట్టే? ఈయనకి వదిలేసి వెళ్తే మొక్క బతికినట్టే! వంకాయలు కాసేదాకా నేను కదల్ను." పెట్టె అంచు పట్టుకుని నా వైపు తిరిగారు. "ఆ మిగిలిన చెక్కలు పారేయకండి బాబూ. గోంగూరకి ఇంకో మడి కట్టాలి."