పతకంలో అక్క జుట్టు

పన్నెండేళ్ళ కిందట లవీనియా అక్క బ్రైటన్‌లో జ్వరంతో పోయిందని చెప్పి, అన్నయ్య సెప్టిమస్ ఆమె జుట్టు పొదిగిన పతకం నా చేతిలో పెట్టాడు. సమాధి ఎక్కడని ఎప్పుడడిగినా, పెళ్ళికాని ఆడదానికి ఆ ఆరాలెందుకనేవాడు. రానురాను నాకు అనుమానం పట్టుకుంది.

నన్ను ఒంటరిగా గడప దాటనివ్వరు. అందుకే మొన్న పతకం కొక్కెం ఊడిందని అబద్ధమాడి, అత్తయ్యను తోడు తీసుకుని నగల కొట్టుకు వెళ్ళాను. కొట్టాయన భూతద్దం పెట్టి చూసి, "ఇది గుర్రం తోక వెంట్రుకండీ, మిస్," అన్నాడు మెల్లగా.

మర్నాడు పొద్దున ఫలహారాల బల్ల మీద పతకం అన్నయ్య ముందుకు తోసి, నగల కొట్టాయన అన్నమాట చెప్పాను.

"బండి తోలేవాడితో లేచిపోయింది. ఆ రోజే మనకి చచ్చింది," అన్నాడు తలెత్తకుండా.

"బతికే ఉందన్నమాట. అయితే ఇన్నేళ్ళూ ప్రతి ఆదివారం నేను ముద్దు పెట్టుకుని ఏడ్చింది నీ గుర్రం తోకనా, అన్నయ్యా?"