తడి ఆరిన అర్జీ

కొల్లేటి లంకల నుంచి వచ్చిన అర్జీలు కారడం ఆ తహసీల్దారు ఆఫీసులో మామూలే. ఎవరింట్లో నీళ్లు నిలిస్తే వాళ్ల అర్జీ బీరువాలో కారుతుంది. అటెండరు దేవరాజు పొద్దున్నే వచ్చి బకెట్లు పారబోసి, నేల తుడిచి, టీకి వెళతాడు. డిప్యూటీ తహసీల్దారు ఇందుజ, తడికి ఇంకు చెదురుతుందని, బాల్ పెన్నుతో రాస్తుంది, "విచారించి నివేదించండి" అని. కాగితం కిందికి పోతుంది. కొన్నాళ్లకి మళ్లీ పైకి వస్తుంది. మళ్లీ అదే రాస్తుంది. ఆవిణ్ణి ఎవరూ తప్పుపట్టలేదు పాపం, అందరూ చేసేదీ అదే.

ఆ వానాకాలం ఏలూరులో ఆఫీసర్లకి మూడు రోజుల శిక్షణ పెట్టారు. నేర్పేది కాలేషాగారు, రిటైరైన పెద్దాయన. తలా ఒక పాత అర్జీ పట్టుకురమ్మన్నారు. ఇందుజ వెంకటనరసమ్మది తెచ్చింది, నాలుగేళ్ల నాటిది. ప్లాస్టిక్ కవరులో పెట్టినా బల్ల మీంచి చుక్కలుగా కారుతూనే ఉంది.

"ఏవండీ ఇందుజగారూ, ఫైలు తెచ్చారా, చేపల బుట్ట తెచ్చారా?" అన్నాడు పక్క సీటులో శ్రీనివాసరావు. అందరూ నవ్వారు. ఇందుజా నవ్వింది.

"చదవండమ్మా," అన్నారు కాలేషాగారు. "కింద మీరు రాసింది కాదు. పైన ఆవిడ రాయించుకున్నది."

అప్పుడు తెలిసొచ్చింది ఇందుజకి, పై భాగం తనెప్పుడూ చదవలేదని.

"అయ్యా, నా మంచంకోళ్లు నీళ్లలో ఉన్నాయి. పాములొస్తన్నాయి. మెరక మీద రెండు సెంట్లు ఇప్పించండి."

"దీనికేం కావాలి?" అడిగారాయన.

"వెళ్లి చూసి రిపోర్టు రాయాలండీ."

"ఎవరు?"

"వీఆర్వో అండీ... నేనూ రాయొచ్చండీ."

శిక్షణ కాగానే వెళ్లాలనుకుంది ఇందుజ.

మర్నాడు పొద్దున్న చూస్తే కాగితం అప్పడంలా ఎండి ఉంది.

"అమ్మయ్య, నీళ్లు తీసినట్టున్నాయి. ఇంక క్లోజ్ చేసెయ్యండి," అన్నాడు శ్రీనివాసరావు.

బయట వాన కుండపోతగా కురుస్తోంది. ఇంత వానలో ఆ ఇల్లెలా ఆరుతుంది? ఇందుజ సంచీ తీసుకుని లేచింది.

బస్సెక్కి, పడవెక్కి వెళ్లేసరికి లంక గట్టు మీద, టార్పాలిన్ బరకం కింద వెంకటనరసమ్మను పడుకోబెట్టారు. పక్కన కూతురు రమణి.

"తెల్లారగట్ల పోయిందండీ. ఇంట్లో పడుకోబెడదామంటే పొడి చోటు లేదు." ఇందుజని చూసి అడిగింది, "ఆఫీసు నుంచి వచ్చారాండీ? ఎవరో ఒకరు వస్తారని రోజూ అనేదండీ అమ్మ."

అర్జీ ఎందుకారిందో ఇందుజకి అర్థమైంది; సంచీలోంచి దాన్ని బయటికి తీసింది.

"నేనూ ఆ ఇంట్లోనే ఉంటానండీ. మళ్లీ నా పేర అర్జీ రాయించాలాండీ?"

"అక్కర్లేదమ్మా."

ఆ ఇంట్లోకి నడిచి, మోకాలి లోతు నీళ్లలో నిలబడే రిపోర్టు రాసింది. ఎవరి చేతా కిందికి పంపకుండా తనే వెంటబడి తిరిగింది. వెంకటనరసమ్మ అర్జీ ఇంకా కారుతూ ఉంటే, మళ్లీ ఓ బకెట్టు పెట్టించేదేమో.

రెండు నెలలకి రమణి మెరక మీద పాక వేసుకుంది. మొదటిరోజు పొడి నేల మీద చాప పరిచి, ఓ పక్కకి జరిగి, సగం చాప ఖాళీగా వదిలి పడుకుంది.