కోర్డెల్ పేరు చదవొద్దన్నవాడు

కొత్త ఆటగాళ్ళను జట్లు పంచుకునే ఆ తతంగం మీద నాకు మొదటినుంచీ అనుమానమే. మా ఆయన లూషియస్ దాన్ని డ్రాఫ్ట్ అంటాడు, ఏటా జూన్ నెలలో పండగలా చేసుకుంటాడు. నేనూ బాస్కెట్‌బాల్ చూస్తాను గానీ, చేతిలో పనుంటే పని, లేకపోతే ఆట. అంతకుమించి అభిమానం లేదు. ఒక పెద్ద బట్టల దుకాణంలో దొంగల్ని కనిపెట్టే ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని. నవ్వుతూ లోపలికొచ్చేవాడి కోటు జేబులు ముందు చూడాలని నాకు జీతమిచ్చి మరీ నేర్పారు. డ్రాఫ్ట్‌లో ఎవరిని చూసినా నవ్వుతూనే ఉంటారు.

ఏడాదంతా చిత్తుగా ఓడిపోయిన జట్టుకు అందరికంటే మంచి కుర్రాణ్ని ఇవ్వడమేమిటని మొదటి ఏడే అడిగాను.

"పాపం వాళ్ళూ బాగుపడాలిగా," అన్నాడు లూషియస్.

"మరి ఓడితేనే లాభమైతే గెలిచేదెవడు?"

"అందుకే లాటరీ తీస్తారు."

"ఎక్కడ తీస్తారు?"

"లోపల గదిలో. తలుపులేసుకుని."

నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన చిప్స్ గిన్నెలోకి చూసుకున్నాడు.

ఇక ఆ టోపీల సంగతి. కుర్రాడి పేరు చదవగానే ఆ జట్టు టోపీ నెత్తిన పెడతారు. వాడు ఏడుస్తాడు, వాళ్ళమ్మ ఏడుస్తుంది, ఫొటోలు దిగుతారు. ఐదు నిమిషాలకు, వాణ్ని అప్పటికే వేరే జట్టుకు మార్చేశారని టీవీవాడు చల్లగా చెబుతాడు. కాగితాలు పూర్తయ్యేదాకా వాడు పాత టోపీ పెట్టుకునే తిరగాలట. ఉంగరం తొడిగింది ఒకరికి, కాపురం ఇంకొకరితో. పైగా వాడు ఆ టోపీతోనే నవ్వుతూ, ఈ ఊరికి రావాలన్నది చిన్ననాటి కల అంటాడు. చేతులు చాపితే ఎంత పొడవు, చెప్పుల్లేకుండా ఎంత ఎత్తు అని కుర్రాళ్ళ కొలతలు చదువుతుంటే మాత్రం నేను లేచి వంటింట్లోకి పోతాను. మా ముత్తాతల్ని వేలంపాటలో అలాగే కొలిచి అమ్మారు; ఎందుకు పోతానో మా నల్లవాళ్ళ ఇళ్ళల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఆ ఏడాది లేచి పోవడానికి వీల్లేకపోయింది. మా పక్కింటి వెర్నెల్ కొడుకు కోర్డెల్ డ్రాఫ్ట్‌లో ఉన్నాడు.

వెర్నెల్ సిటీ బస్సు నడుపుతుంది. మొగుడు పోయిననాటినుంచీ సాయంత్రం డ్యూటీయే. కోర్డెల్ హైస్కూల్లో ఆడినన్నాళ్ళూ ఆటలన్నీ సాయంత్రాలే. మా పియోరియా ఊరంతా ఆ జిమ్‌లో వాడి పేరు మైకులో విన్నది, కన్నతల్లి తప్ప. తర్వాత వాడు ఎక్కడో డకోటాలో చిన్న యూనివర్సిటీలో చేరాడు. అంత దూరం ఆమె వెళ్ళలేకపోయింది. అందుకే ఈసారి పట్టుబట్టి సెలవు పెట్టింది. వంగపండు రంగు గౌను కొనుక్కుంది. చర్చి గాయకబృందాన్ని మొత్తం పిలిచి, క్యాట్‌ఫిష్ వేపి, స్పగెట్టి వండి, పెరట్లో కుర్చీలు వేయించింది.

"కోట్లు అక్కర్లేదు ఒడెస్సా, మేడలూ అక్కర్లేదు," అంది నాతో, చేపలకు పిండి పట్టిస్తూ. "కోటేసుకున్న ఆ పెద్దమనిషి మైకు ముందు నిలబడి మావాడి పేరు చదవాలి. నేను కూర్చుని వినాలి. ఒక్కసారి చాలు."

మొదటిరోజు చదివిన పేర్లలో కోర్డెల్ లేడు, ఉంటాడని ఎవరూ అనుకోలేదు. రెండోరోజు, ఆ చివరాఖరులో ఎక్కడో ఉండొచ్చని లూషియస్ చెప్పాడు. రెండోరోజు ఇంకా ఎండ ఉండగానే ఇల్లు నిండిపోయింది. అప్పుడొచ్చాడు ప్రెస్టన్.

ప్రెస్టన్ అంటే కోర్డెల్ తరఫున జట్లతో మాట్లాడే ఏజెంటు. సూటు వేసుకున్నాడు, బూట్లు వేసుకున్నాడు, సాక్సులు వేసుకోలేదు. నాకు అక్కడే తేడా కొట్టింది. అంత ఖరీదైన బూట్లు కొని సాక్సుల దగ్గర ఆగిపోయినవాడు ఇంకెక్కడెక్కడ ఆగిపోతాడో ఎవరు చెప్పగలరు? చేపల పళ్ళెం ఇస్తే, ఆకలి లేదన్నాడు. వెర్నెల్ చేప వాసన తగిలాక కూడా ఆకలి లేదన్నవాణ్ని నేను అంతకుముందు చూడలేదు.

"ఆ మనిషి మీద ఓ కన్నేసి ఉంచు," అన్నాను లూషియస్‌తో.

"నువ్వు రెండూ వేశావుగా, ఇంకా నాదెందుకు?" అన్నాడు.

ఒక్కొక్క పేరూ చదువుతున్నారు. చదివిన ప్రతిసారీ వెర్నెల్ ముందుకు వంగుతోంది, వాడి పేరు కాదని తెలిశాక వెనక్కి వాలుతోంది. కోర్డెల్ సోఫా చివర మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. అంత పొడుగు మనిషి, ఎవరికీ కనబడకూడదన్నట్టు ఒదిగిపోయాడు. చివరి పది పేర్ల దగ్గరికి వచ్చేసరికి ప్రెస్టన్ ఫోను మోగడం మొదలైంది. మోగిన ప్రతిసారీ లేచి వెనక వరండాలోకి పోతున్నాడు. వచ్చి కూర్చుంటున్నాడు, కోర్డెల్ వైపు చూసి తల అడ్డంగా ఊపుతున్నాడు. వెంటనే టీవీలో ఇంకెవడి పేరో చదువుతున్నారు.

మూడోసారి లేచినప్పుడు నేను చెత్తసంచి కట్టుకుని వెనకే పోయాను. నిండని సంచి ఎందుకు కడుతున్నానని ఎవరూ అడగలేదు. జాలీతలుపు ఇవతల నిలబడితే ప్రెస్టన్ మాట స్పష్టంగా వినబడింది.

"వద్దండీ, కోర్డెల్ పేరు చదవకండి. చదివినా మీ దగ్గరికి రాడు. వేరేవాళ్ళను చూసుకోండి. చాలా థాంక్స్ సార్."

నా ఒళ్ళు భగ్గుమంది. సంచి అక్కడే వదిలేసి, తలుపు తోసి, వాడి చేతిలోంచి ఫోను లాక్కున్నాను. ఇంకో చేత్తో సూటు మోచెయ్యి పట్టుకున్నాను. ఎంత పెద్ద దొంగైనా మోచెయ్యి దొరికితే నడిచొస్తాడు.

"మేడం, నేను చెప్పేది..."

"చెప్పు బాబూ, చెప్పు. అందరి ముందూ చెప్పు."

హాల్లోకి లాక్కొచ్చి టీవీకి అడ్డంగా నిలబెట్టాను. గాయకబృందం ఆడవాళ్ళు ఫోర్కులు పట్టుకుని అలాగే ఆగిపోయారు.

"వెర్నెల్! మీవాడి పేరు ఎందుకు చదవట్లేదో తెలుసా? ఈయనగారే వద్దంటున్నాడు! ఫోన్‌లో ఒక్కొక్కరికీ పేరుపేరునా చెప్పి మరీ మాన్పిస్తున్నాడు. నా చెవులారా విన్నా."

వెర్నెల్ లేచి నిలబడింది. బస్సులో తాగుబోతును దింపేసేటప్పుడు ఎలా చూస్తుందో నాకు తెలుసు. ఇప్పుడూ అదే చూపు.

"నిజమా?" అంది ప్రెస్టన్‌తో.

ప్రెస్టన్ తలతిప్పి కోర్డెల్ వైపు చూశాడు. ఎవరిని చూస్తున్నాడో గమనించి వాడి మోచెయ్యి వదిలేశాను. పట్టుబడ్డ దొంగ తలుపు వైపు చూస్తాడు. తోడుదొంగ ఉంటేనే వాడి వైపు చూస్తాడు.

"అమ్మా," అన్నాడు కోర్డెల్, "నేనే చెప్పమన్నా."

టీవీవాడు ఎవరి మోకాలి గురించో చెబుతున్నాడు. ఎవరో రిమోట్ నొక్కి దాని గొంతు తీసేశారు.

"చివర్లో మిగిలిన టీములన్నింట్లోనూ నేనాడే స్థానంలో ఆటగాళ్ళు కిక్కిరిసి ఉన్నారమ్మా. వాళ్ళు పేరు చదివారంటే నేను వాళ్ళ సొత్తు. ఆడించరు, ఇంకోళ్ళ దగ్గరికీ పోనివ్వరు. ఏ టర్కీలోనో ఆడుకోమని పంపించి మర్చిపోతారు. ఎవరూ చదవకపోతే నా ఇష్టమొచ్చిన చోటికి పోవచ్చు. సెయింట్ లూయిస్ వాళ్ళు తీసుకుంటామన్నారు. బంతి నడిపేవాడు వాళ్ళకి కావాలి. నీ సెలవు రోజున కారేసుకుని వచ్చి చూసి, ఆ రాత్రికే ఇంటికెళ్ళిపోవచ్చు."

"తీసుకుంటామన్నారా? రాసిచ్చారా?" అన్నాను నేను.

"ఇది అయ్యేదాకా రాయకూడదు మేడం, రూలు," అన్నాడు ప్రెస్టన్. "మాటిచ్చారు."

"మాటా! విన్నావా లూషియస్? మాటిచ్చారంట!"

"నువ్వు కాసేపు ఊరుకో తల్లీ," అన్నాడు లూషియస్.

వెర్నెల్ నావైపు చూడలేదు. "నాతో ఎందుకు చెప్పలేదురా?" అంది కొడుకుతో.

కోర్డెల్ తల వంచుకున్నాడు. "చెబ్దామనే వచ్చాను. అప్పుడే నువ్వు కొత్త గౌను తెచ్చి చూపించావు."

గాయకబృందంలో ఎవరో ముక్కు చీదారు. అప్పుడే నా చేతిలో ఫోను మోగింది. తెరమీద టాంపా అని పడింది. ప్రెస్టన్ చెయ్యి చాపాడు. నేనివ్వలేదు.

"మిగిలిన చివరి రెండు పేర్లలో ఒకటి టాంపా వాళ్ళది," అన్నాడు గొంతు తగ్గించి. "ఊ అంటే ఇప్పుడే చదివేస్తారు. రెండు నిమిషాల్లో చెప్పాలి. ప్లీజ్."

కోర్డెల్ వాళ్ళమ్మను చూశాడు. "నీ ఇష్టం అమ్మా. నిజంగా. చదవమంటే చదవమందాం. తర్వాత సంగతి నేను చూసుకుంటా."

వాడు ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. అందుకే నాకు భయమేసింది. వెర్నెల్ నా ముందుకొచ్చి చెయ్యి చాపింది. ఫోను ఆమెకిచ్చాను.

"హలో, నేను కోర్డెల్ వాళ్ళమ్మని. మీ టీములో మావాడు ఆడే చోట ఎంతమంది ఉన్నారు? ... అహా. ఈ ఏడు వాణ్ని ఆడిస్తారా? ... చూద్దాం అంటే ఎప్పుడు చూస్తారు? ... ఏ దేశం?"

అవతలివాడు చాలాసేపు చెప్పాడు. వెర్నెల్ వింటూ, ఖాళీ చేత్తో గౌను నడుము దగ్గర మడత సరిచేసుకుంది. మళ్ళీ సరిచేసుకుంది.

"మీరు మంచివాళ్ళలాగే ఉన్నారు," అంది చివరికి. "నా కొడుకు పేరు చదవొద్దు."

ఫోను నా చేతిలో పెట్టేసి వెళ్ళి తన చోట కూర్చుంది. "టీవీ గొంతు పెట్టండి. పాపం ఎవరి పిల్లాడో వస్తాడు," అంది.

వచ్చాడు. సన్నగా, బిగుతు కోటులో ఉన్నాడు. వాడి పేరు చదవగానే వాళ్ళమ్మ ఎగిరి గంతేసి ముందువరస కుర్చీ పడదోసింది. వెర్నెల్ ముందుకు వంగి చూస్తూ చప్పట్లు కొట్టింది. ఆమె కొడుతోంది కదా అని అందరం కొట్టాం. నా కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారాయి, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు. నా నోరు ఊరుకుని ఉంటే కొడుకు పేరు ఎందుకు రాలేదో తెలియక వెర్నెల్ ఒకరాత్రి ఏడ్చి ఊరుకునేది. ఇప్పుడు తన నోటితోనే వద్దనాల్సి వచ్చింది.

ఆఖరి పేరు కూడా అయిపోయింది. వేదిక మీద దీపాలు ఆర్పుతున్నారు. ఫోను మోగలేదు.

నేను ప్రెస్టన్‌ను చూస్తూ కూర్చున్నాను. దుకాణంలో కనురెప్ప వేయకుండా చూసే అలవాటు ఇంకా పోలేదు. వాడి నుదుటి మీద చెమట పట్టింది. సాక్సుల్లేని కాలు ఊపడం మొదలుపెట్టాడు. ఒకావిడ మెల్లగా చేపల గిన్నెల మీద మూతలు పెడుతోంది. కోర్డెల్ గోళ్ళు కొరుకుతున్నాడు.

"మోగుతుందా?" అన్నాను.

"మోగుతుంది మేడం."

"మోగకపోతే?"

అప్పుడు మోగింది. సెయింట్ లూయిస్. ప్రెస్టన్ లేచాడు, కోర్డెల్ లేచాడు. నేను ఇద్దర్నీ దాటి వెళ్ళి ఫోను వెర్నెల్‌కు ఇచ్చాను. ఎందుకిచ్చానో అప్పుడు ఆలోచించలేదు. ఇంకెవరికివ్వాలి?

"హలో. వాళ్ళమ్మని మాట్లాడుతున్నా," అంది. అవతల హుషారుగా ఏదో గొంతు మొదలుపెట్టింది. వెర్నెల్ అడ్డుకుంది. "ఆగు బాబూ. అవన్నీ తర్వాత. ముందు నా కొడుకు పేరు చదువు."

"మేడం?" అన్న మాట నా దాకా వినబడింది.

"టీవీలో ఎలా చదువుతారో అలా. ఊరి పేరుతో సహా. ఆగు, అందరికీ వినబడేట్టు పెడతా. ఒడెస్సా, ఇదెక్కడ నొక్కాలే?"

నేను నొక్కాను. రాసిచ్చేదెప్పుడో కూడా అడగమని చెవిలో అన్నాను. మోచేత్తో ఒక్కటి పొడిచింది.

అవతలివాడు గొంతు సవరించుకున్నాడు. వాడి వెనక ఆఫీసులో నలుగురు నవ్వడం వినబడింది, ఎవరో వాళ్ళను ఊరుకోమన్నారు. తర్వాత వాడు నిజంగానే మైకు ముందు నిలబడినట్టు నెమ్మదిగా, బరువుగా చదివాడు.

"సెయింట్ లూయిస్ జట్టు ఎంచుకున్న ఆటగాడు... కోర్డెల్ ఆంబ్రోస్. ఊరు పియోరియా, ఇల్లినాయ్."

ఇల్లు అదిరిపోయింది. గాయకబృందం ఆడవాళ్ళు ఏ పాటో తేల్చుకోకుండానే తలా ఒకటి ఎత్తుకున్నారు. లూషియస్ నన్ను వదిలేసి ప్రెస్టన్‌ను కావలించుకున్నాడు. కోర్డెల్ సోఫా మీదనుంచి లేచి నిలబడితే, వాడెంత పొడుగో అందరికీ అప్పుడే గుర్తొచ్చినట్టయింది.

వెర్నెల్ మాత్రం ఒక చెవి వేలితో మూసుకుని, ఫోను రెండో చెవికి గట్టిగా అదిమి పెట్టుకుంది. ఈ గోలలో సరిగ్గా వినబడలేదు, ఇంకోసారి చదవమని వాణ్ని అడుగుతోంది.