సామాన్లు పెట్టుకునే చోటు

ముందు ఆ పరుపు తీసెయ్యమన్నారు. ఫేబా చెప్పులు మెట్టు దగ్గర విడిచి కారవాన్‌లోకి ఎక్కి, వెనక కిటికీ కింది బల్ల మీదున్న పరుపును చుట్టడం మొదలుపెట్టింది. అదేమంత పెద్ద పరుపు కాదు. ఒక మనిషి పక్కకు ఒత్తిగిలి పడుకుంటే సరిపోతుంది, వెల్లకిలా తిరిగితే ఒక భుజం బయటికొస్తుంది. దాని కుట్ల మధ్య అల్ సువైక్ సముద్రతీరపు ఇసుక ఇంకా ఉంది. దులిపితే బయట కుర్చీ వేసుక్కూర్చున్న అత్తగారి మీద పడుతుందని దులపకుండానే చుట్టేసింది. గేటు దగ్గర భర్త నోయెల్, మెకానిక్ జితేందర్ కలిసి పికప్ మీంచి పెద్ద అట్టపెట్టె దించుతున్నారు. బట్టలు ఉతకడం, ఆరబెట్టడం రెండూ తనే చేసే మిషన్ అది. ఇంట్లోకి కాదు, కారవాన్‌లోకి.

కారవాన్ అనగానే సినిమావాళ్ళు షూటింగుల్లో సేదదీరే బండిని ఊహించుకోనక్కర్లేదు. నోయెల్ కంపెనీలో పనిచేసిన ఒక తెల్లాయన దేశం వదిలి వెళ్ళిపోతూ ఇచ్చేసి పోయిన పాత డబ్బా. జీపు వెనక తగిలించుకుని లాక్కుపోవాలి. లోపల రెండు మంచాలు, చారెడు వంటిల్లు, మోచేతులు దగ్గర పెట్టుకుని నిలబడాల్సిన స్నానాల గది. ఎండలు తగ్గింది మొదలు మళ్ళీ ముదిరేదాకా, శుక్రవారం ఆరాధన అవగానే అటునుంచి అటే సువైక్ దాటి సముద్రపు ఒడ్డుకు పోయి శనివారం సాయంత్రానికి అల్ మవాలేలో ఇంటికి చేరడం వాళ్ళకు అలవాటైంది. ఈ గల్ఫు దేశంలో సెలవు శుక్రవారం కాబట్టి వీళ్ళ చర్చికీ అదే ఆదివారం. ఒడ్డున నోయెల్ సంఘంలోని స్నేహితులతో కలిసి గాలాలు వేస్తాడు. అత్తగారు కృపాబాయి ఉప్పుగాలి మోకాళ్ళకు మంచిదని నీళ్ళకెదురుగా కుర్చీ వేయించుకుంటుంది. మూడో మనిషి ఏం చేస్తుందో ఎవరూ పట్టించుకోలేదు. మూడో మనిషి అందరికీ అన్నాలు పెట్టేసి, గిన్నెలు కడిగేసి, వెళ్ళి ఆ కిటికీ కింద పడుకునేది.

పడుకోవడం కూడా ఒక కథేనా అనిపించవచ్చు. ఫేబా నర్సు. ఆసుపత్రిలో ఆమె బతుకంతా మంచాలతోనే గడుస్తుంది. దుప్పట్లు మార్చడం, తలవైపు ఎత్తడం, దించడం, పడుకున్నవాళ్ళను పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పడం. ఒక్క క్షణం కుర్చీలో నడుం వాలిస్తే ఇన్‌చార్జి ఎదురుగా వచ్చి నిలబడి, "సిస్టర్, అలసిపోయారా?" అంటుంది. అది పరామర్శ కాదని వార్డులో అందరికీ తెలుసు. ఇంటికొస్తే ఇక్కడ ఇంకో తీరు. నైట్ డ్యూటీ చేసొచ్చి పొద్దున పడుకున్నా పడకగది తలుపు ఓరగా తెరిచి ఉంచాలి, లేకపోతే అత్తగారికి ఊపిరాడదు. "నేనేం లేపుతానా ఏంటమ్మాయ్, నీ మానాన నువ్వు పడుకో," అంటూనే గ్యాస్ వాడొచ్చాడనో, చింతపండు ఎక్కడుందనో గుమ్మంలో నిలబడి అడుగుతుంది. సెలవు రోజున మధ్యాహ్నం కాసేపు కళ్ళు మూసుకుంటే, "పగటిపూట పడకేంటే, ఇంటికి కళ పోద్ది," అంటుంది. నోయెల్ అలాంటివేమీ అనడు. పక్కన కూర్చుని ఫోన్లో వీడియోలు పెద్దగా పెట్టుకుని చూస్తాడు, మధ్యమధ్య నవ్వొచ్చినప్పుడు ఆమె భుజం తట్టి చూపిస్తాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో, కూతురు పుట్టి పెరిగి గుంటూరు హాస్టల్లో చేరిన తర్వాత కూడా, ఎవరో ఒకరు పిలుస్తారని చెవి తెరిచిపెట్టుకోకుండా ఫేబా నిద్రపోయింది లేదు.

ఆ కిటికీ కింద నిద్రపోయింది. మొదటిసారి వెళ్ళినప్పుడే నిద్రపోయింది. బయట గాలి హోరుకి ఎవరు పిలిచినా లోపలికి వినపడదు. పిలిచేవాళ్ళు లేచి ఇసకలో అంత దూరం నడిచి రావాలి, వాళ్ళకి అంత ఓపిక లేదు. నిద్ర పట్టకపోయినా ఫరవాలేదు. ఊరికే పడి ఉండటం, ఏ పనీ గుర్తు చేసుకోకపోవడం, కిటికీలోంచి నీళ్ళవైపు చూస్తూ చూస్తున్నానని కూడా అనుకోకపోవడం. ఆదివారం డ్యూటీలో ఒంట్లో శక్తి ఉందంటే అది ఆ బల్ల పెట్టిన భిక్షేనని ఆమెకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. చెబితే అదొక మాటవుతుంది, మాటైతే దాని మీద నలుగురూ నాలుగు వ్యాఖ్యానాలు చేస్తారని భయం.

మరి మిషన్ మాట ఎలా వచ్చిందంటే, తప్పు ఆమెదే అనుకోవాలి. శనివారం సాయంత్రం ఇల్లు చేరేసరికి ఒక గోనెడు బట్టలుండేవి. చేపల నీచు పట్టిన నిక్కర్లు, స్నేహితులు తుడుచుకుని పడేసిన తువ్వాళ్ళు, అంచుల్లో ఇసక నింపుకున్న అత్తగారి చీరలు. ఇంట్లో మిషనుంది గానీ ఇసక బట్టలు దాంట్లో నేరుగా వేయకూడదు, ముందు టబ్బులో జాడించి జాడించి తియ్యాలి. తెల్లారితే ఆదివారం డ్యూటీ. ఓసారి అన్నం వడ్డిస్తూ, "ఆ బట్టలతో నా నడుం పడిపోతోందండీ," అనేసింది. ఎవరైనా ఒక చెయ్యి వేస్తే బాగుండునని దాని అర్థం. నోయెల్ తినడం ఆపి ఆమెవైపు నిజంగానే జాలిగా చూశాడు. పాపం, అతను విన్నాడు. విని, తన చేతుల గురించి కాక బజారు గురించి ఆలోచించాడు. అక్కడే ఉతికి అక్కడే ఆరబెట్టుకుంటే, ఇంటికొచ్చేసరికి మడతపెట్టిన బట్టలే ఉంటాయి కదా అని అతని లెక్క. కారవాన్‌లో పట్టే బుల్లి మిషన్ వెతికి తెప్పించి, అట్టపెట్టె ఫోటో తీసి 'ఫేబాకి సర్‌ప్రైజ్' అని చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పాలకొల్లు నుంచి కువైట్ దాకా ఉన్న ఆడపడుచులందరూ గుండె బొమ్మలు పంపారు. చర్చిలో ఇద్దరు ముగ్గురు ఆమె చెయ్యి పట్టుకుని, అలాంటి భర్త దొరకడం దేవుడిచ్చిన వరమన్నారు. ఫేబా అవునంది. అంతమంది సంతోషపడుతుంటే కాదనడానికి ఆమెకు నోరు రాలేదు. అప్పటికి మిషన్ ఎక్కడ పెడతారో ఆమెకు తెలియదు కూడా. నోయెల్ కొలతలు తీసుకున్నది ఆమె డ్యూటీలో ఉన్నప్పుడు.

జితేందర్ లోపలికొచ్చి బల్ల మీద పెన్సిల్‌తో గీత గీశాడు. జగిత్యాల దిక్కు మనిషి, బర్కాలో కారవాన్లు బాగుచేసే షెడ్డులో పనిచేస్తాడు. స్నానాలగది గోడకు ఆనుకుని ఉన్నది ఈ మూలే కాబట్టి నీళ్ళ పైపు, మురుగు పైపు రెండూ ఇక్కడికే అందుతాయని, ఇంకెక్కడా కుదరదని చెప్పాడు. రంపం చేతిలోకి తీసుకుని, కొయ్యబోయే ముందు నోయెల్ వైపు తిరిగాడు.

"అన్నా, ఈడ ఎవలన్న పండుకుంటరా? కోసినంక మల్ల అతకదు."

"ఎవరూ పడుకోరయ్యా. సామాన్లు పెట్టుకునే చోటది," అన్నాడు నోయెల్.

ఫేబా అప్పటికి పరుపు చుట్టను గుండెలకు ఆనించుకుని అక్కడే నిలబడి ఉంది. తలగడ దాని మీదే ఉంది. ఆ తలగడ మీద ఆమె జుట్టు వెంట్రుకలు కూడా ఉన్నాయి. నోయెల్ అబద్ధం చెప్పలేదు, అదే ఆమెను కోసేసింది. అతని మొహంలో దాచిపెట్టినదేమీ లేదు. రెండు చలికాలాలు వారం వారం తన భార్య ఆ బల్ల మీద పడుకుంటే అతను చూడలేదు. చూసే ఉంటాడు, కానీ పడుకోవడమని అనుకోలేదు. కాసేపు అక్కడ ఉంది, పిలిస్తే వస్తుంది అనుకున్నాడు. అతని దృష్టిలో ఆమె నిలబడి ఉంటే పని చేస్తున్నట్టు, పడుకుని ఉంటే పనికి మధ్యలో ఉన్నట్టు. 'నేను పడుకుంటాను, అది నాది,' అని ఒక్క మాట అంటే చాలు, రంపం ఆగుతుంది. అనలేదు. అంటే వెంటనే, 'ముందే చెప్పొచ్చుగా, ఇంత ఖర్చు పెట్టాక ఇప్పుడా,' అంటారు. ముందు ఎందుకు చెప్పలేదంటే, తను ఊరికే పడి ఉండటానికి ఒక చోటు కావాలని అడగడానికి ఆమెకు సిగ్గేసింది. ఇంతకాలం నర్సుగా బతికి, విశ్రాంతి తీసుకోమని అంతమందికి చెప్పిన మనిషి, తన విషయానికొచ్చేసరికి సిగ్గుపడింది. ఆ సంగతి అప్పుడే తట్టి ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పటికే రంపం కదలడంతో, కంట్లో పొట్టు పడిందనుకున్నారు.

బల్ల తెగింది. మిషన్ ఆ ఖాళీలో కూర్చుంది. దాని తల కిటికీ సగందాకా వచ్చింది. జితేందర్ పైపులు బిగించి, నీళ్ళు వదిలి, కాసేపు తిప్పి చూశాడు. గుండ్రటి అద్దం వెనక ఏమీ లేని డ్రమ్ము తిరుగుతుంటే కృపాబాయి మెల్లగా మెట్టెక్కి తొంగిచూసింది.

"మా రోజుల్లో కాలవ రేవులో బండకేసి బాదేవాళ్ళం. ఇప్పటోళ్ళకి సముద్రం ఒడ్డున కూడా మిషనే. నీ రొట్టె విరిగి నేతిలో పడిందే అమ్మాయ్," అంది.

జితేందర్ చేతులు తుడుచుకుని ఫేబాకు ఎదురుగా నిలబడ్డాడు. కొన్నది నోయెల్, పిలిపించింది నోయెల్. కానీ ఎలా వాడాలో చెప్పాల్సింది ఆమెకేనని అతనికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"జర యాది పెట్టుకోండి అక్కా. బండి కదిలేటప్పుడు ఎన్క బోల్టులు బిగియ్యాలె, నిలవెట్టినంక ఇప్పాలె. మర్సిపోతే లోపల డ్రమ్ము ఊగి పగుల్తది. బట్టలు మంచిగ దులిపి ఏయుండ్రి, ఉషికె లోపలికి పోతే పంపు జామైతది. ఒక్కసారి శానా ఏయద్దు, కొన్ని కొన్ని ఏస్కోవాలె. ఉతికి ఆరేదాంక శానా సేపు వడ్తది. అంతసేపు జనరేటర్ నడుస్తనే ఉండాలె, ట్యాంకుల నీళ్ళు సూస్కుంటుండాలె. దగ్గర ఒక మనిషి కూసుంటే ఫికర్ లేదు."

"మా ఆవిడ చూసుకుంటుందిలే. ఆసుపత్రిలో ఇంతకంటే పెద్ద పెద్ద మిషన్లు చూసింది," అన్నాడు నోయెల్ గర్వంగా. "నువ్వు బటన్ నొక్కితే చాలు ఫేబా. మిగతాదంతా అదే చేసుకుంటుంది."

జితేందర్ బోల్టులు తిప్పే స్పానర్‌ని ఆమె వైపు చాపాడు. ఫేబా ఒక చేత్తో పరుపు పట్టుకుని రెండో చెయ్యి చాపబోయి ఆగింది. రేపు శుక్రవారం ఎలా ఉంటుందో ఆమెకు అంతా కనపడింది. బయట జనరేటర్ మోత. నీళ్ళు చూస్తూ, బట్టలు కొన్ని కొన్ని వేస్తూ, తీస్తూ, తను మిషన్ పక్కన ముక్కాలి పీట మీద. "ఇంకా అవలేదా," అని ఒడ్డునుంచి ఎవరో అడగడం. కొన్నది తన కోసం కాబట్టి అలిసిపోయానని కూడా అనకూడదు.

"నాకు కాదు తమ్ముడూ, ఆయనకు చూపించు. వెళ్ళేది వాళ్ళే," అంది.

నోయెల్ నవ్వాడు. "అదేంటి, రేపు నీకు డ్యూటీ వేశారా?"

"లేదండీ. రేపూ ఎల్లుండీ నాకు ఆఫే. ఆరాధనకి వస్తాను. అక్కణ్ణుంచి మీరు సముద్రానికి వెళ్ళండి, నేను టాక్సీలో ఇంటికొచ్చేస్తాను."

"అలిగావా? ఇంత చేసింది ఎవరికోసమే?"

"అలగలేదు." ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది, వార్డులో రోగికి నిజం చెప్పేటప్పటిలాగా ఉంది. "అది సామాన్లు పెట్టుకునే చోటు కాదండీ. నేను పడుకునే చోటు. అక్కడ మిషన్ పెట్టారు. నేను ఇంట్లో పడుకుంటాను."

నోయెల్ మిషన్ వైపు చూశాడు. కోసిన బల్ల ముక్క వైపు చూశాడు. జితేందర్ తలొంచుకుని పనిముట్లు సంచిలో సర్దుకుంటున్నట్టు నటించాడు. మెట్టు మీద కృపాబాయికి మాత్రం అసలు సంగతి తట్టింది.

"మరి బట్టలో?" అంది.

"మిషన్ మీతోనే వస్తోంది కదండీ అత్తయ్యా," అంది ఫేబా. అని కిందికి దిగి, చెప్పులు తొడుక్కోకుండానే పరుపు మోసుకుంటూ ఇంట్లోకి నడిచింది. వెనక నోయెల్ జితేందర్‌ని బోల్టులు ఎటు తిప్పాలని అడగడం వినిపించింది. అడుగుతున్న గొంతులో కోపముంది, అయినా అడిగాడు.

పడకగదిలోకి వెళ్ళబోయి ఆగింది. ఈ ఇంటికి వచ్చినప్పట్నుంచీ ఇందులో తనొక్కతే ఉన్న రోజు ఒక్కటి కూడా లేదు. బల్ల పోయిందని మనసులో ఏడుస్తూ ఉంది గానీ, రేపు వీళ్ళ జీపు మలుపు తిరిగాక ఈ ఇల్లంతా ఆమెదే. హాల్లోకి వచ్చి సోఫాని గోడకు నెట్టి, సరిగ్గా మధ్యలో పరుపు పరిచింది.

గుమ్మం దాటి వస్తున్న కృపాబాయి కాలు ఆపుకుంది. "నడిచే దారిలో అడ్డంగా వేశావేంటే?"

"ఇప్పుడు పక్కనుంచి వెళ్ళండి అత్తయ్యా," అంది ఫేబా తలగడ సర్దుతూ. "రేపు ఎవరికీ అడ్డు రాదు."