బంద్ రోజు వేగం

అంబికకు ఒళ్ళు మండిపోతోంది. నిన్నటిదాకా గుర్రంలా ఉరికిన కంప్యూటర్ సరిగ్గా ఇవాళే చతికిలబడాలా!

పక్క కుర్చీలో కంపెనీ నుంచి వచ్చిన వేదవతి మేడమ్ కూర్చుని ఉంది. ఆమె ఎదుట ప్రాజెక్టు నడిచిందా, ఉద్యోగం వచ్చినట్టే. పన్నెండింటికి ఆమె వెళ్ళిపోతుంది. పదకొండున్నర దాటినా రిపోర్టు తెరుచుకోలేదు.

"నిన్న పది సెకన్లల్ల ఒచ్చింది మేడమ్, ఒట్టు!"

"చూద్దాంలే అమ్మా," అందావిడ, గడియారం చూసుకుంటూ.

అంబిక లేచి, క్లాసు చెప్పే ప్రసన్నకుమార్ దగ్గరికి పరుగెత్తింది. "నా మిషన్‌కు నాలుగు జీబీ మెమరీ ఇచ్చిన్రు గద సార్! తెరమీద గట్లనే చూపిస్తుంది. మరి ఏంది గీ నత్తనడక?"

ఆయన తల పట్టుకున్నాడు. "అది నీ మిషన్ నమ్మకం అమ్మా. మీ పదీ విడివిడి మిషన్లు కావు, అన్నీ ఒక్క సర్వర్‌లోనే నడుస్తున్నాయి. దానికున్నదే పదహారు జీబీ. అందరికీ నాలుగేసి అని చెప్పాం. నలుగురొస్తే సరిపోతుంది. అందరూ ఒక్కసారే అడిగితే, సర్వర్ ఒక్కో మిషన్ లోపల బెలూన్ ఊదినట్టు కొంత చోటు ఆక్రమించి, ఆ మెమరీ లాక్కుని పక్కవాళ్ళకిస్తుంది. నీ మిషన్ ఆ ఇరుకులో పట్టక, డేటాను డిస్కు మీదికి నెట్టి, ప్రతిసారీ అక్కడ వెతుక్కుంటోంది."

అంబిక నెత్తి కొట్టుకుంది. బంద్ రోజుల్లో బస్సులు, ఆటోలు ఉండవు. తను మాత్రం అల్మాస్‌గూడ నుంచి నడిచి వచ్చేది, దారిలో ఊరేగింపు ఎదురైతే జై తెలంగాణ అని రెండుసార్లు గొంతు కలిపి మరీ. క్లాసులో ముగ్గురో నలుగురో ఉండేవాళ్ళు. కంప్యూటర్ ఎంత జోరుగా నడుస్తోందో అని మురిసిపోతూ ప్రాజెక్టు పరీక్షలన్నీ ఆ రోజుల్లోనే చేసుకుంది. ఇవాళ బంద్ లేదు. పది కుర్చీలూ నిండాయి.

"జర అరగంట మీ మిషన్లు ఆపుండ్రి, మీ కాళ్ళు మొక్కుత!"

ఇద్దరు ఆపారు. మిగిలినవాళ్ళు తలెత్తలేదు. వాళ్ళకూ వారం తర్వాత దొరికిన క్లాసాయె, ఏమనగలదు?

పన్నెండయ్యేసరికి రిపోర్టు సగం వచ్చింది. వేదవతి బ్యాగు తీసుకుంది. "రేపు పొద్దున వచ్చి ఇంకోసారి చూస్తానమ్మా. మధ్యాహ్నానికల్లా ఎంపికైనవాళ్ళ పేర్లు పంపెయ్యాలి, అదే ఆఖరు."

ఆవిడ మెట్లు దిగగానే ఇన్‌స్టిట్యూట్ ఓనర్ ధనరాజ్ నవ్వుతూ వచ్చాడు. "ఫికర్ చేయకు బిడ్డా. రేపు మళ్ళ బంద్ పిలుపిచ్చిన్రు. ఎవ్వరు రారు. నీ మిషన్ మస్తు ఉరుకుతది."

"మిషన్ ఉరుకుతది సార్." అంబిక మెట్ల వైపు చూసింది. "మేడమ్ ఎట్ల ఒస్తది?"